నడుమ బోడైన దుబ్బు

కొండవాలున పెరిగే బోదగడ్డి కోసి, ఇళ్లు కప్పి బతికేవాళ్లకు ఆ వాలే అన్నం కుండ. దాని మీద జాగీర్దారు భూపతిరాయుడి కన్ను పడింది. "ఈ గడ్డి నిరుడు తొలకరికి నేను నాటించిందే. వాలు నాది," అని విచారణకు వచ్చిన దివానుగారి ముందు సిగ్గులేకుండా బొంకాడు.

గడ్డి కోసే ఎరకమ్మకు ఒళ్లు మండింది. కొడవలితో ఒక దుబ్బును విడదీసి చూపించింది. చుట్టూ పచ్చటి పిలకలు, నడుమ చేటంత బోడి నేల.

"అయ్యా, ఇది ఏడాదికి చచ్చే గడ్డి కాదు. ఏటేటా చుట్టూ పిలకలేస్తూ పోతుంది, నడుమ పాతది చస్తుంది. ఇంత బోడి కావడానికి ఎన్నేళ్లు పట్టిందో!"

"దీని మొహం! ఏడాది చాలు," అన్నాడు రాయుడు.

"అయితే దొరా, ఆ తలపాగా ఒకసారి తీయండి."

"తీయవయ్యా, చూద్దాం," అన్నాడు దివాను.

తీయక తప్పలేదు. చెవుల చుట్టూ జుట్టు, నడినెత్తి ఇత్తడి చెంబు.

"ఇదీ నిరుటిదేనా దొరా?"

"నోర్ముయ్యవే! ఇట్లా కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది!"

దివాను దుబ్బునూ నెత్తినీ మార్చి మార్చి చూశాడు. "నెత్తికి ఇరవై ఏళ్లు, దుబ్బుకు ఏడాదేనా? వాలు కోసుకునేవాళ్లదే!"

"ఇక తలపాగా పెట్టుకోండి దొరా, ఎండ మండిపోతోంది," అంటూ ఎరకమ్మ గడ్డిలోకి దిగింది.