గోదాము నుంచి వచ్చిన బద్ద

ముమ్మిడాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు; అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. కళింగపట్నంలో సముద్రానికి దగ్గరగా ఆయన కొలిమి. దుకాణాల్లో వరసగా వేలాడే కత్తులు కావు ఆయనవి. అడిగినవారి చేతివాటం చూసి, వారి పని చూసి, ఒక్కొక్కటిగా చేసేవారు.

ఆయన శిష్యుల్లో పైడయ్య నడివయసులో వచ్చి చేరినవాడు. భార్య పోయాక కూతురు ఇందుమతిని ఎక్కడో కర్నూలులో హాస్టల్లో ఉంచి చదివిస్తున్నాడు. తల్లి లోటు కూడా తానే తీర్చాలన్న ఆరాటం అతనిది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి తిన్నావా, ఏం తిన్నావు, ఎవరితో కూర్చుని తిన్నావు అని అడిగేవాడు. ఒక ఆదివారం ఆ పిల్ల ఫోన్ ఎత్తలేదు. మర్నాడు అడిగితే, "స్నేహితురాలికి జ్వరమొస్తే ఆసుపత్రిలో తోడున్నాను నాన్నా" అంది. పైడయ్య సరేనన్నాడు. సరేనని ఊరుకోకుండా హాస్టల్ వార్డెనుకు ఫోన్ చేశాడు. ఆవిడ నిజమే అంది. అయినా నిద్ర పట్టక, ఆ జ్వరం పిల్ల తల్లి నంబరు సంపాదించి ఆవిడనీ అడిగాడు.

సంగతి ఇందుమతి చెవిన పడింది. "ఇకమీదట నాకెందుకు నాన్నా, నేరుగా వాళ్లకే చేసి అడుగు" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. పైడయ్య రోజూ వార్డెనుకే చేసి అడగసాగాడు.

పైడయ్యకు అన్నం సయించలేదు. గురువుగారి ముందు నిలబడి అడిగాడు: "కంటికి ఎదురుగా లేని పిల్ల మంచిగానే పెరుగుతోందని ఎలా తెలుసుకోవాలండీ? ఎంత అడిగితే మనసు కుదుటపడుతుంది?"

ఆచారి గారు బొగ్గులు ఎగదోస్తూ అన్నారు: "విశాఖ నుంచి వంటమేస్త్రి మూరెడు కత్తి కావాలన్నాడు. అంచుకు ఉక్కు నా దగ్గరుంది. దానికి అటూ ఇటూ కాపు కాయడానికి పాత ఇనుము కావాలి. వెళ్లి చూసుకురా."

పాత ఇనుమంటే తుప్పు పట్టినదల్లా కాదు. వెనకటి రోజుల్లో కాల్చి, కొట్టి, సాగదీసి చేసిన ఇనుము. ఇప్పుడు ఎవరూ చేయరు. దానికి కర్రకున్నట్టే నార ఉంటుంది. కత్తి చేసి, నునుపు పెట్టి, చింతపండు పులుసుతో తోమితే ఆ నార నీటి అలల్లా పైకి తేలుతుంది.

పైడయ్య శ్రీకాకుళం వెళ్లి గౌసుబీ పాత సామాన్ల కొట్టులో దిగాడు. "పాత ఇనుము కావాలా అన్నా? ఇక్కడ కొత్తదేముంది, నాతో సహా!" అని నవ్వి ఆమె గుట్ట చూపించింది. మధ్యాహ్నం దాకా తిరగేశాడు. గేటు చువ్వలు, లారీ పట్టీలు, మొన్నమొన్నటి ఇంటి కమ్ములు. చివరికి అడుగున ఒక బద్ద దొరికింది. కూలగొట్టిన ఉప్పు గోదాములో పైకప్పును పట్టి ఉంచిందట. దాని తుప్పు పొడిలా రాలడం లేదు, నిలువునా పీచులు పీచులుగా లేస్తోంది.

కొలిమికి తెచ్చి, ఒక కొసన ఉలితో సగం లోతు గంటు పెట్టి, ఇరికించి వంచాడు. కొబ్బరి మట్ట చీలినట్టు చీలింది. సన్నటి నార బయటపడింది. అతని ప్రాణం లేచివచ్చింది.

గురువుగారు చూశారు. తల ఊపి వెళ్లి కూర్చున్నారు.

అక్కడితో అయిపోవలసింది. కానీ పైడయ్యకు ఒక అనుమానం పుట్టింది. ఎప్పుడో బద్ద విరిగితే మిగిలిన సగానికి కొత్త ఇనుము అతికించి ఉంటారేమో! రెండో కొసన కూడా గంటు పెట్టాడు. నారే. అతుకు నడుమ ఉంటేనో? నడుమ గంటు పెట్టాడు. వంచాడు. అక్కడా నారే. దీపం కింద పెట్టి చూస్తే మచ్చలేని ఇనుము. అప్పుడు తెలిసింది అతనికి, తన చేతుల్లో ఉన్నవి రెండు ముక్కలని. ఏ ముక్కా మూరెడు కత్తికి చాలదు.

"మొదటి గంటుకే చెప్పింది గదయ్యా" అన్నారు ఆచారి గారు, కోపం లేకుండా. "తర్వాత ఎవర్ని అడిగావు?"

పైడయ్య ముక్కలు రెండూ కొసలు కలిపి చూశాడు. "అతుక్కుంటుందాండీ?" అన్నాడు.

"ఈ ఇనుము బాగానే అతుక్కుంటుంది. తెల్లగా కాలాలి. ఆలోపు తొందరపడి కొట్టావో, నార విచ్చుకుపోతుంది. అతుకు జాడ మాత్రం కొంచెం ఉంటుంది. ఉండనీ."

ముక్కలు రెండూ నిప్పుల్లో పెట్టారు. అవి ఎరుపెక్కుతుండగా పైడయ్య జేబులో ఫోన్ మోగింది. ఇందుమతి.

"ఏం నాన్నా, రెండు రోజులుగా వార్డెన్ మేడంకి చేయలేదట. ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నానమ్మా. మంచి బద్దని పాడు చేసి కూర్చున్నాను."

"నువ్వా! ఏం చేశావు?"

చెప్పాడు. మూడుచోట్లా గంటు పెట్టిన సంగతి కూడా దాచలేదు. అవతల నుంచి చిన్నగా నవ్వు వినిపించింది.

"తిన్నావా నాన్నా?" అంది.

"ఇంకా లేదమ్మా. గురువుగారూ నేనూ కలిసి తింటాం."

ఆ నవ్వుతో అతని మనసు తేలికైంది. తేలికైన మనసులోకి పాత అలవాటు చల్లగా వచ్చి చేరింది. ఒక్క మాట, ఇంకొక్క మాట అడిగేస్తే పూర్తిగా నిశ్చింత గదా అనిపించింది. "అది సరేగానీ తల్లీ, ఆ ఆదివారం…" అని మొదలుపెట్టాడు.

కొలిమి దగ్గర నుంచి ఆచారి గారు ఇటు తిరగలేదు. నిప్పుల్లోకే చూస్తూ అన్నారు:

"కొట్టకు పైడయ్యా. ఇంకా ఎర్రగానే ఉంది."