శేషఫణి ఇంటి చిట్టా

శేషఫణికి ఒళ్లు మండిపోతోంది. తెనాలిలో ఖాదర్ మాస్టారి గది మెట్లు ఎక్కుతున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. పెళ్లాం కోసం ఏ మొగుడూ పడనన్ని పాట్లు పడ్డాడు తను. దానికి దక్కిందేమిటి? "రేపు ఆసుపత్రికి మీరు రావద్దు" అన్న ఒక్క ముక్క.

ఆ గదిలో మాస్టారు పాత కంప్యూటర్లు బాగుచేస్తూ, మన ఇంటి సంగతులు కంపెనీల చెవిన పడకుండా వాటిని వాడుకోవడం ఎలాగో నేర్పుతారు. శిష్యులందరిలోకీ శేషఫణే చురుకైనవాడు, చుట్టాలకి తలనొప్పి కూడా వాడే. తన బ్రౌజర్ మార్చాడు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాడు, అంతటితో ఊరుకోక అందరి ఫోన్లూ లాక్కుని యాప్‌లు పీకేశాడు. తనని ఫొటో తీసిన పాపానికి బావమరిదితో ఏడాదిగా మాటల్లేవు.

"మీరే చెప్పండి మాస్టారూ," అంటూ లాప్‌టాప్ తెరిచాడు. "పాత కంప్యూటర్ ఒకదాన్ని ఇంటికి ఫిల్టర్‌గా పెట్టాను. ఏ ఫోనైనా దాని గుండానే బయటికి పోవాలి. దొంగచాటుగా సమాచారం లాగే సైట్లన్నీ అక్కడే ఆగిపోతాయి. తప్పా?"

"కాదు. తర్వాత?"

"ఎవరి ఫోన్ ఏ సైటుకి వెళ్లిందో అందులో చిట్టా పడుతుంది కదా. రోజూ చూస్తాను. ఏది లీకవుతోందో తెలియాలిగా! మా ఆవిడ అరుంధతి ఫోన్ నుంచి క్యాన్సర్ ఆసుపత్రి సైటు నాలుగు రోజులు వరసగా కనపడింది. గుండె ఆగినంత పనైంది నాకు. అన్నం దగ్గర అడిగేశాను, నీకేమైందని."

"అన్నం దగ్గర ఎవరెవరున్నారు?"

"అమ్మ, నాన్న, అక్క, బావగారు." శేషఫణి గొంతు కాస్త తగ్గింది. మళ్లీ రేగింది. "గడ్డ తగిలిందట. పరీక్ష అయ్యాక ముందు నాకే చెబుదామనుకుందట. కంచం ముందు నుంచి లేచి వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. రేపు పదింటికి పరీక్ష. నన్ను రావద్దంటోంది! ఎవరి కోసం చేశానండీ ఇదంతా? ఒక్క కంపెనీకైనా ఆవిడ సంగతి తెలిసిందా? మీరే చూడండి ఈ చిట్టా!"

లాప్‌టాప్ మాస్టారి వైపు తిప్పాడు.

మాస్టారు గబుక్కున ముఖం తిప్పేసుకున్నారు.

"ఆపెయ్," అన్నారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెరగడం శేషఫణి ఎరగడు. "నీ భార్య సంగతి నాకు చూపిస్తావేంరా? ఆపెయ్ ముందు!"

శేషఫణి బిత్తరపోయి చిట్టా తీసేశాడు. అప్పుడు మాస్టారు ఇటు తిరిగారు. ఎవరూ తొంగిచూడకుండా శేషఫణి లాప్‌టాప్ కెమెరా మీద అంటించుకున్న నల్ల టేపు ముక్కని గోటితో గీకి ఊడదీశారు. దాన్ని శేషఫణి కళ్లజోడు మీద, సరిగ్గా కుడికంటికి ఎదురుగా అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కారు.

"ఇదొక్కటి వదిలేశావు," అన్నారు.

గదిలో సగం కనిపించడం మానేసింది. మెట్ల మీద అంత మండిన శేషఫణి కోపం చప్పున చల్లారిపోయింది. చెవులు మాత్రం కాలిపోతున్నాయి. టేపు తియ్యకుండానే, ఒంటికంటితో వెతుక్కుంటూ అక్కణ్ణుంచే ఇంటి ఫిల్టర్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. చిట్టా పడకుండా ఆపేశాడు. పడినదంతా చెరిపేశాడు. మాస్టారు అటు చూడనైనా చూడలేదు, స్క్రూడ్రైవర్ తీసుకుని తన పనిలో పడ్డారు.

"రేపు నేను వెళ్లొచ్చా మాస్టారూ?"

ఆయన కోపం ఇంకా దిగలేదు. తలెత్తకుండానే అన్నారు.

"ఆవిణ్ణి అడుగు. వద్దంటే గేటు బయట కూర్చో. లోపల ఏమైందని ఎవర్నీ అడక్కు."