ఫర్జానా చెప్పిన మాట

ఇనాయతుల్లా పరిశోధన చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది.

చావుకు దగ్గరైన రోగి విషయంలో వైద్యుడి ధర్మం ఏమిటన్నది అతను ఎంచుకున్న అంశం. ఊపిరాడించే యంత్రాన్ని ఎప్పుడు ఆపాలి, ఆపమనే హక్కు ఎవరిది, ఉన్న నిజం రోగికి చెప్పాలా వద్దా. వీటి మీద అతను రాసినవి హైదరాబాదులో పెద్ద డాక్టర్లు కూడా శ్రద్ధగా చదివేవారు. సభలకు పిలిచి మాట్లాడించేవారు. ఇక మిగిలింది ఒక్క అధ్యాయం. రోగి చివరి కోరిక గురించి. అది మొదలుపెట్టబోతే చేయి ఆడేది కాదు.

కారణం అతనికి తెలుసు. ఫర్జానా.

అతని భార్య ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచింది. నోట్లో గొట్టం ఉంది. ఆ గొట్టం పక్కనుంచే పెదాలు కదిపింది. ఏదో ఒకే మాట, మళ్లీ మళ్లీ.

"ఏంటి ఫర్జానా? నీళ్లా? నొప్పిగా ఉందా? అమ్మీని పిలవనా?"

ఆమె కాదన్నట్టు తల కొద్దిగా కదిలించింది. మళ్లీ పెదాలు కదిపింది. అతనికి అందలేదు. పరుగున వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చేసరికి ఆమె కళ్లు మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత అద్దం ముందు నిలబడి ఎన్ని మాటలు పలికి చూసుకున్నాడో. ఏదీ ఆ కదలికకు సరిపోయేది కాదు. పరిశోధన కోసం ఎవరింటికి వెళ్లినా, పోయినవాళ్ల గురించి అడగాల్సినవన్నీ అడిగి, లేవబోతూ "చివర్లో ఏమన్నా అన్నారా?" అనేవాడు. వాళ్లు చెప్పే ఒక్కో మాటనూ ఆశగా వినేవాడు. అది ఆమె మాట కూడా కావచ్చునేమోనని.

చివరికి కడప దగ్గర కొండ కింద ఉండే సత్తార్ షా దగ్గరికి వచ్చాడు. ఆయన సూఫీ గురువు. చిన్నప్పుడు ఇనాయతుల్లాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. దిక్కులేని రోగులు ఎవరైనా వస్తే తన వసారాలోనే మంచం వేసి చూసుకుంటాడు.

ఇనాయతుల్లా ఏదీ దాచుకోకుండా చెప్పాడు. "ఆ ఒక్క మాట తెలిస్తే చాలు హజ్రత్. రాయగలను. కంటినిండా నిద్రపోగలను. ఏమని ఉంటుందంటారు?"

సత్తార్ షా చెంబుతో నీళ్లు అందించాడు.

"ఎండన పడి వచ్చినావు. ముందు అన్నం తిను," అన్నాడు.

తిన్నాక వసారాలో మంచం మీదున్న మనిషిని చూపించాడు. "ఓబులేసు. లారీ తోలేవాడు. గొంతులో కేన్సరు. మాట పోయింది. రాసి చూపిద్దామంటే చదువు రాదు. ఇంక చేసేదేం లేదని ఆస్పత్రోళ్లు పంపించేసినారు. రోంతసేపు ఆయప్ప దగ్గర కూర్చో. నమాజు చేసుకొనొస్తా."

కూర్చున్న కాసేపటికి ఓబులేసు పెదాలు కదిలాయి. ఇనాయతుల్లా ముందుకు వంగి ఆ పెదాలనే పట్టి చూశాడు.

"చెప్పండి పెద్దాయనా. దాహమా? నొప్పా? మీవాళ్లను ఎవరినన్నా చూడాలనుందా? కొడుకునా? కూతురినా? ఇంటికి పోవాలనుందా?"

అన్నిటికీ ఓబులేసు తల అడ్డంగానే ఊపాడు. ఊపి ఊపి అలసిపోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సత్తార్ షా వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆయన మంచం పట్టె మీద కూర్చుని, తడిగుడ్డతో ఓబులేసు పెదాలు అద్ది, అతని చేయి తన చేతిలోకి తీసుకున్నాడు. ఏమీ అడగలేదు.

కాసేపటికి ఓబులేసు ఇటు తిరిగాడు. పెదాలు కదిపాడు.

"ఊఁ," అన్నాడు సత్తార్ షా.

మళ్లీ కదిపాడు.

"ఊఁ."

ఇక ఓబులేసు ఆగలేదు. చప్పుడు లేకుండానే చెప్పుకుపోయాడు. రెండో చేత్తో గాలిలో స్టీరింగు తిప్పాడు. కనుబొమలు ఎగరేశాడు. ఒకచోట నవ్వాడు. ఒకచోట కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండానే చెప్పాడు. గురువు కథ వినే పిల్లవాడిలా ఊఁ కొడుతూనే ఉన్నాడు. అంతా అయ్యాక ఓబులేసు బరువుగా ఊపిరి వదిలి, గురువు చేయి వదలకుండానే నిద్రపోయాడు.

"ఏం చెప్పాడు హజ్రత్?" ఇనాయతుల్లా ఆత్రంగా అడిగాడు.

"ఏమో నాయనా. ఒక్క ముక్క గూడా అర్థం కాలే."

"మరి అంతసేపు..."

"నన్నేమన్నా అడిగినాడా ఆయప్ప? చెప్పుకున్నాడు."

ఇనాయతుల్లా వసారా గోడకు చేరగిలి కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఓబులేసుకు మెలకువ వచ్చింది. అతని కళ్లు మనిషి కోసం వెతికాయి. సత్తార్ షా వసారా చివర చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. తలెత్తి చూశాడు గానీ లేవలేదు.

ఇనాయతుల్లా లేచి వెళ్లాడు. మంచం పట్టె మీద కూర్చుని ఆ బక్కచిక్కిన చేతిని పట్టుకున్నాడు. ఓబులేసు పెదాలు కదిలాయి. ఇనాయతుల్లా ఈసారి పెదాల వైపు చూడలేదు. కళ్లలోకి చూశాడు.

"ఊఁ," అన్నాడు.

ఫర్జానా కళ్లు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం ఆ పెద్దాయనను మీరు అని పిలిచిన నోటికి ఇప్పుడెందుకో అలా రాలేదు.

"ఊఁ... చెప్పు," అన్నాడు. "చెప్పు. వింటున్నా."