వజ్రపిడికిలి

సంతలో మీరేం చూశారో చెప్పండి! రేపటికి పదింతలు పలుకుతాయంటూ చంద్రకాసులనే కొత్త నాణేలు అమ్మే సూరప్పరాయుడి చుట్టూ మూగిన జనాన్నేనా? నూనె గానుగ ఆడించే ఎర్రక్క కూడా తన ఎద్దునిచ్చి ఆ కాసులు కొంది. గానుగ ఆగి, పొయ్యి ఆరిపోయాక, "కాసులు తీసుకుని నా ఎద్దు నాకివ్వు దొరా" అంటూ వచ్చింది.

"చూడండ్రా, కాగితం చెయ్యి! కాసులు అమ్ముకునే పిరికివాళ్లను మా గుంపులో అలాగే అంటాం. ప్రాణం పోయినా అమ్మనివాడే వజ్రపిడికిలి!" అని వెక్కిరించాడు రాయుడు. జనం నవ్వారు.

ఎర్రక్క తగ్గలేదు. "అలాగా దొరా! మరి పొద్దుట్నుంచీ అమ్ముతున్నది నువ్వే కదా?"

జనం రాయుడి వైపు తిరిగారు. ఆమె నోరు మూయించాలని రాయుడు గబగబా ఎద్దు పలుపు విప్పి చేతికిచ్చాడు. అది చూసి, "నా ఆవో?" "నా వడ్లో?" అంటూ జనమంతా వరస కట్టారు.

రేపు ఇంకో రాయుడొచ్చి మిమ్మల్ని పిరికివాళ్లంటే, మీరేం అడుగుతారు?