బంగారయ్య కొలిమి

మద్దిచెట్ల అడవిలో ఏనుగులు, జింకలు, నక్కలు, గోరువంకలు కలిసిమెలిసి బతికేవి. ఆ అడవి అంచున మనుషులు పాత బ్యాటరీలు పారేసి పోయేవారు. బంగారయ్య అనే నక్క వాటిని పగలగొట్టి, కొలిమిలో సీసం కరిగించి, మెరిసే పూసలు పోసేవాడు. పూసకు ఒక పనసపండు! అడవంతా అతని గుమ్మం ముందు బారులు తీరేది. బంగారయ్య మీసం మెలేసేవాడు.

కోటమ్మ అనే గోరువంకకు మాత్రం ఆ పూసల మీద మనసు లేదు. ఆమె దిగులంతా పిల్ల గురించే. నిన్న నేర్చిన కూత ఆ పిల్ల ఈరోజు మరిచిపోతోంది. పిలిస్తే తెల్లమొహం వేస్తోంది. 

అయినా ఏడుస్తూ కూర్చోలేదు. చెట్టు చెట్టుకూ ఎగిరి చూసింది. కొలిమి గాలి వీచే వైపు ఆకులన్నిటి మీదా బూడిదరంగు పొడి ఉంది. అచ్చం సీసం రంగే! ఆ వైపు పిల్లలన్నీ మందకొడిగా ఉన్నాయి. పొగ చేరని వాగు అవతల పిల్లలు గంతులేస్తున్నాయి.

"నక్కబావా, నీ పొగలో సీసం ఉంది. మా పిల్లలు ఆ విషాన్నే పీలుస్తున్నారు. కొలిమి ఆర్పెయ్యి," అంది కోటమ్మ.

"పొగ పైకి పోతుంది గానీ కిందికి వస్తుందా? నీ పిల్ల మొద్దయితే తప్పు నాదా?" అని బంగారయ్య పకపకా నవ్వాడు.

కోటమ్మకు ఒళ్లు మండింది. నేరుగా అడవికి పెద్ద అయిన ఏనుగు తాత దగ్గరికి పోయి పంచాయితీ పెట్టించింది.

పొద్దుగూకే వేళ అందరూ చేరారు. "తాతా, నక్కబావను ఒక్కసారి ఊళ వేయమనండి, చాలు," అంది కోటమ్మ. పెద్ద నక్క ఊళ వేస్తే పిల్లలు బదులు పలకడం నక్కల ఆనవాయితీ.

"ఓస్, అంతేనా!" అని బంగారయ్య మెడ చాచి ఊళ వేశాడు. వాగు అవతల నక్కపిల్లలన్నీ ఒక్కసారిగా బదులిచ్చాయి. కొలిమి పక్కనే పడుకునే అతని సొంత కొడుకు మాత్రం తండ్రి మొహంలోకి అయోమయంగా చూశాడు. బంగారయ్య మళ్లీ ఊళ వేశాడు. పిల్లాడు నోరు మెదపలేదు.

బంగారయ్య మీసాలు వాలిపోయాయి. "కోటమ్మా, నా కళ్లు మూసుకుపోయాయి," అని భోరుమన్నాడు. తన చేతులతోనే కొలిమి ఆర్పాడు. ఏనుగు తాత దాన్ని ఒక్క తొక్కుతో నేలమట్టం చేశాడు. పూసలన్నీ వెనక్కి తెచ్చి, బ్యాటరీలతో సహా రాతిగుహలో వేసి బండతో మూశారు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఉదయం కోటమ్మ పిల్ల గొంతెత్తి, నేర్పిన కూతలన్నీ ఒక్కటీ తప్పకుండా కూసింది. వాగు ఇవతలి నుంచి చిన్న ఊళ ఒకటి వినిపించింది. బంగారయ్య కొడుకుదే! అడవంతా కేరింతలు కొట్టింది. కోటమ్మ అందరికంటే పై కొమ్మ మీద దర్జాగా కూర్చుంది.

నీతి: గాలికి నీ ఇల్లు, నా ఇల్లు అనే తేడా లేదు, పక్కవాడి పిల్లల మీదికి వదిలిన విషం మన పిల్లలనూ వదిలిపెట్టదు.