జాబితాలో లేని బిస్కెట్ల పొట్లం

కూర్మయ్య గురువుగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆ ఆదివారం పొద్దున డాక్టర్ త్రినాథం బరువెక్కిన మనసుతో ఒక ప్రశ్న అడిగితే, ఆయన అంతా విని, కండువా భుజాన వేసుకుని లేచి నిలబడ్డారు.

త్రినాథం అడిగింది చిన్న విషయం కాదు. తుఫానులో వలలూ పడవలూ పోగొట్టుకున్న మత్స్యకారుల పల్లెలకు ప్రభుత్వం ఆర్నెల్లపాటు సరుకుల కూపన్లు ఇస్తోంది. కూపన్ చూపించి ఊళ్లోని కొట్లో కావలసినవి తెచ్చుకోవచ్చు. జనం పంచదార, బిస్కెట్లు, వేయించిన చిరుతిళ్లు ఎక్కువగా తీసుకుంటున్నారని పైవాళ్లకు తెలిసింది. ఏవి ఇవ్వాలో, ఏవి కూడదో జాబితా రాయమని త్రినాథాన్ని అడిగారు. వారానికోసారి ఆ పల్లెలకు వెళ్లి మందులిచ్చే డాక్టరు ఆయనే. తీపి సరుకులన్నీ కొట్టేసి జాబితా రాశాడు. ఒక పల్లెలో అప్పుడే అమలు మొదలైంది. అయినా ఆయనకు నిద్ర పట్టడం లేదు.

"పోయిన నెల షుగరు జబ్బుతో కుళ్లిన కాళ్లు రెండు తీసేయించాను గురువుగారూ. సర్కారు ఖర్చుతో ఆ రోగాన్నే పంచిపెట్టమంటారా? లేక నేను చేస్తున్నది లేనివాళ్ల నోటి దగ్గరిది లాక్కోవడమా? ఏది ధర్మం?"

"ఆ పల్లె ఎంత దూరం?" అన్నారు గురువుగారు.

"నడిస్తే గంట."

"పద."

వాళ్లు చేరేసరికి కొట్టు ముందు వరస సాగుతోంది. ఇద్దరూ ఓ పక్కన అరుగు మీద కూర్చున్నారు. పప్పు, చిరుధాన్యాలు, వేరుశనగలు సంచుల్లోకి వెళ్తుంటే త్రినాథానికి కొంత తృప్తిగానే అనిపించింది. ఇంతలో నూకాలు అనే ఆమె వంతు వచ్చింది. బియ్యం, కందిపప్పు తీసుకుని, చివర్లో బిస్కెట్ల పొట్లం ఒకటి బల్ల మీద పెట్టింది.

"అది కూపన్ మీద రాదమ్మా," అన్నాడు కొట్టాయన.

"ఒక్కటే బాబూ. అత్తకి."

"ఎవరికైనా రాదు. ఇస్తే నా కొట్టు మూయిస్తారు."

వెనకనుంచి ఎవరో, "సర్కారు సొమ్మంటే షోకులు ఎక్కువే," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. నూకాలు ఏదో చెప్పబోయింది. వరస వైపు ఒకసారి చూసింది. పొట్లాన్ని మళ్లీ సీసాల పక్కనే సర్దిపెట్టి, పైట తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది. జాబితా రాసింది తానేనని అక్కడ ఎవరికీ తెలియకపోయినా త్రినాథం తల వంచుకున్నాడు.

"ఆ ఇల్లు చూసి వద్దాం," అన్నారు గురువుగారు.

వాళ్లు సందు మలుపు తిరిగేలోపే నూకాలు కేక వినబడింది. త్రినాథం పరుగెత్తాడు. చాపమీద ఆమె అత్త పోలమ్మ ఒంటినిండా చెమటతో వణికిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. చెయ్యి పట్టుకోగానే, ఒంట్లో షుగరు బాగా పడిపోయిందని త్రినాథానికి అర్థమైంది.

"షుగరు మాత్ర వేసుకుందా?"

"తెల్లారగానే ఏసుకుంది బాబూ. ఒక్కరోజు మానినా కాలు తీసెయ్యాలని తవరే కదా అన్నారు!"

"తిన్నదేమిటి?"

"ఏటి తింటది? పళ్లు లేవు. గంజి తాగితే కక్కేస్తది. పొద్దున్న టీలో రెండు బిస్కెట్లు నానేసి పెడితే అవే దిగుతాయి. నిన్నటితో అయిపోనాయి. కొట్టుకాడే పొద్దెక్కిపోయింది..."

"చక్కెర! ముందు చక్కెర తీసుకురా!"

నూకాలు ఆయన ముఖంలోకి వింతగా చూసింది. "చక్కెర కూడా ఇవ్వటం లేదు కదా బాబూ."

త్రినాథమే బయటికి ఉరికాడు. మొదటి ఇంట్లో లేదు. రెండో ఇంట్లోనూ లేదు. మూడో ఇంటి ఇల్లాలు ఉట్టిమీది కుండలోంచి అరచేతిలో పట్టేంత బెల్లం తీసి ఇచ్చింది. దాన్ని నీళ్లలో కలిపి, ముసలామె తల తన ఒళ్లో పెట్టుకుని, పొరపోకుండా గుక్క గుక్కగా తాగించాడు. పావుగంటకు వణుకు తగ్గింది. ఇంకాసేపటికి పోలమ్మ కళ్లు తిప్పి ఆయన్ను గుర్తుపట్టి, "డాట్రుబాబుకి పీట ఎయ్యవే," అంది కోడలితో.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నారు. ఆమె కాస్త మెత్తటి అన్నం మింగాక, మాత్ర మోతాదు తగ్గించి రాసిచ్చి త్రినాథం లేచాడు. ఇద్దరూ ఊరు దాటారు. ఇసుక దారి ఎక్కాక త్రినాథం ఉండబట్టలేక అన్నాడు.

"కొట్లో ఒక్క మాట చెబితే నేనే ఇప్పించేవాణ్ణి కదా గురువుగారూ."

"అంతమంది ముందు ఎలా చెప్పుకుంటుంది నాయనా?"

"నిజమే. జాబితా మారుస్తాను. ఇలాంటి రోగులకు విడిగా చీటీ రాసిస్తాను. కానీ మీరే చూశారు, ఆ జబ్బు అబద్ధం కాదు. అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే రేపు ఇంకెన్ని కాళ్లు తీయాలో!"

"అబద్ధమని నేనెక్కడన్నాను?"

"అయితే ఏం చెయ్యమంటారు?"

గురువుగారు ఆగి, చెప్పులోకి వెళ్లిన ఇసుక దులుపుకున్నారు.

"ఆ ముసలమ్మకు ఎన్నాళ్లుగా మందిస్తున్నావు?"

"రెండేళ్లు దాటింది."

"పొద్దున్నే ఏం తింటావమ్మా అని, ఈ రెండేళ్లలో ఎప్పుడైనా అడిగావా?"