పులిజట్టు గుట్టు

అనగనగా, ఏరు మూడు వంపులు తిరిగి పారే చోట వరణపురి అనే రాజ్యం ఉండేదట. ఆ రాజ్యాన్ని ధరణిసేనుడనే రాజు ఏలేవాడట.

ఆ రాజుకు బంతిపోరంటే ప్రాణం. అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది, మధ్యన ఒక తోలుబంతి. దాన్ని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పోయి, ఎదుటివాళ్ల గీత అవతల నేలకు ఆనించాలి. అదీ ఆట. ముక్కులు పగిలేవి, మోకాళ్లు చీరుకుపోయేవి. అయినా ఆట ముగిశాక రెండు జట్లవాళ్లూ కౌగిలించుకుని మరీ విడిపోయేవారు.

రాజుగారి జట్టు పేరు పులిజట్టు. పసుపు నడికట్టు వాళ్ల గుర్తు. ఆ నడికట్టు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, పిల్లలు వెంటపడి పరుగెత్తేవారు. అరుగుల మీది ముసలివాళ్లు లేచి నిలబడేవారు.

జట్టుకు నాయకుడు బేతన. మాట తక్కువ, పట్టు ఎక్కువ. జట్టులోకెల్లా బలశాలి కొమ్మన. బంతి అతని చేతికి చిక్కిందంటే గీత దాటినట్టే. అతని పక్కన, భుజానికి భుజం ఆనించి ఆడేవాడు సింగన. సింగనకు పెద్ద పేరేమీ లేదు. కాని అతను నిలబడిన చోటు నుంచి ఎవరూ అంత సులువుగా దూసుకుపోలేరు.

గెలిచినప్పుడల్లా రాజుగారు జట్టు విడిదికి ఇప్పసారా కడవలు పంపేవారు. రాజుగారి కానుకను కాదనగలిగేదెవరు? మొదట్లో తలా కాస్త తాగి, పాటలు పాడుకుని పడుకునేవారు. రానురాను, కడవ ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదన్న ఆచారం పుట్టింది. దాన్ని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

బేతన జట్టుకు ఒక మాట నేర్పాడు. "జట్టు గుట్టు జట్టులోనే ఉండాలి." అందరూ చేతిలో చెయ్యి వేసి ఆ మాట అన్నారు. సింగన కూడా అన్నాడు. తనకు పద్నాలుగుమంది అన్నదమ్ములు దొరికారని ఆ రోజు పొంగిపోయాడు.

తాగనప్పుడు కొమ్మన చీమకు కూడా దారి ఇచ్చే మనిషి. తాగితే మాత్రం అతని కళ్లలోకి వేరే ఎవరో వచ్చి కూర్చునేవారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయేది. అతను ఎటు చూస్తే అటువైపు వాళ్లు కాళ్లు ముడుచుకునేవారు.

ఒకసారి గెలుపు తర్వాత, పొద్దు ఇంకా వాలకముందే, కొమ్మన విడిది నుంచి బయటికి వచ్చాడు. కుమ్మరివాడలో ఆరబెట్టిన కుండలు వరసగా కనిపించాయి. వాటిని చూసి అతనికి ఎందుకు కోపం వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటే కాలితో తన్ని పగలగొట్టాడు. కుమ్మరి ఇంటివాళ్లు తలుపు వేసుకుని లోపల ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. బయట కుండలు పగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు తలారి వచ్చి అడిగాడు. బేతన తొణకలేదు.

"ఆంబోతు పడిందయ్యా, మేమంతా చూశాం," అన్నాడు.

తలారి సింగన వైపు తిరిగాడు. సింగన తల ఊపాడు. కుండలే కదా అనుకున్నాడు.

మరొకసారి గెలుపు తర్వాత ఏటి అవతలికి వెళ్దామని కొమ్మన రేవుకు వచ్చాడు. కాళ్లు తడబడుతున్నాయి. పడవ నడిపే ఓబయ్య అతన్ని చూసి, "నిలబడలేకపోతున్నావు నాయనా, ఏరు పోటు మీద ఉంది. తెల్లారి రా, దాటిస్తాను," అన్నాడు. మంచి మాటే. కాని కొమ్మన ఆ ముసలివాడి చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. పక్కనే ఉన్న సింగన అది విన్నాడు.

తలారి మళ్లీ వచ్చాడు.

"తడి మెట్ల మీద జారిపడ్డాడు," అన్నాడు బేతన.

సింగన మళ్లీ తల ఊపాడు. ఈసారి మెడ సులువుగా కదల్లేదు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్లేసరికి వీధిలో పిల్లలెవరూ లేరు. అతని అడుగుల చప్పుడు విని గడియలు పడుతున్నాయి. ఇంట్లో అతని కూతురు, ఐదేళ్ల పిల్ల, గాదె వెనక ఒదిగి కూర్చుని ఉంది.

"అక్కడేం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు.

పిల్ల అతని ముఖం చూడలేదు. నడికట్టు వైపే చూస్తూ, "పులులు వస్తున్నాయని చెప్పారు నాన్నా," అంది.

సింగనకు ఆ రోజు అన్నం సయించలేదు. అయినా ఎవరితోనూ ఏమీ అనలేదు. బేతనకు భయపడ్డాడు. కొమ్మనకు భయపడ్డాడు. అన్నిటికన్నా ఎక్కువగా, ఆ పద్నాలుగుమందిలో తాను ఒంటరివాడైపోతానని భయపడ్డాడు.

కొంతకాలానికి జట్టులోకి చిట్టన అనే కొత్త ఆటగాడు వచ్చాడు. కొండపల్లెవాడు, లేడిలా పరుగెత్తేవాడు. మొదటి ఆటలోనే రెండుసార్లు గీత దాటాడు. ఆ సాయంత్రం విడిదిలో కొమ్మన నిండు కడవ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఇది కొత్తవాడి కడవ. దించకుండా తాగితేనే పులివి," అన్నాడు.

చిట్టన చేతులు జోడించాడు. "నేను తాగను అన్నా. మా నాన్న తాగి తాగి పోయాడు. తాగనని మా అమ్మకు మాట ఇచ్చి వచ్చాను. మీరు ఇంకేం చెయ్యమన్నా చేస్తాను."

కొమ్మన కళ్లలోకి ఆ రెండో మనిషి వచ్చేశాడు.

"పట్టుకోండి," అన్నాడు.

ఒకడు తల పట్టుకున్నాడు. ఒకడు కుడిచెయ్యి పట్టుకున్నాడు. అందరూ సింగన వైపు చూశారు. సింగన ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

కొమ్మన కడవ వంచాడు. చిట్టన మొదట గింజుకున్నాడు. తర్వాత సింగన వేళ్లను గట్టిగా పట్టుకున్నాడు, నీళ్లలో మునిగేవాడు ఒడ్డునున్న వేరును పట్టుకున్నట్టు. కాసేపటికి ఆ పట్టు సడలింది. చెయ్యి చల్లబడింది. సింగన వదిలేస్తే అది నేల మీద వాలిపోయింది.

"నాయకా, వీడు ఊపిరి సరిగా తీయడంలేదు," అన్నాడు సింగన.

బేతన వంగి చూశాడు. అతని ముఖం కూడా పాలిపోయింది. కాని అతను నిటారుగా లేచి, "పడుకుంటే తగ్గుతుంది. వైద్యుణ్ణి పిలిస్తే మాట రాజుగారిదాకా పోతుంది. పొరుగు రాజ్యం శంఖవరంతో పోటీ దగ్గర పడింది. తలుపు వేసెయ్యండి," అన్నాడు.

తలుపు వేశారు. చిట్టన పెదవులు నల్లబడుతున్నాయి. గొంతులో గురగురమని చప్పుడు. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య చాలా ఎడం ఉంటోంది. అందరికీ వినిపిస్తోంది, కాని అందరూ గోడల వైపు చూస్తున్నారు. ఒక్కసారి ఆ ఎడం మరీ ఎక్కువైంది. అక్కడున్న ప్రతివాడూ తన ఊపిరి బిగబట్టాడు.

మళ్లీ గురక వినిపించింది. సింగన లేచాడు. చిట్టనను భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గరికి నడిచాడు.

కొమ్మన అడ్డంగా నిలబడ్డాడు. "దించు," అన్నాడు.

"దించను."

కొమ్మన చెయ్యి సింగన గొంతు మీద పడింది. సింగనకు కళ్లు చీకట్లు కమ్మాయి. అయినా చిట్టనను వదలలేదు.

"నన్ను కూడా చంపు కొమ్మనా," అన్నాడు పీలగా. "పొద్దున్న ఇద్దరి గురించి అబద్ధం వెతుక్కోవాలి మీరు. అంతేగా."

విడిదిలో ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక నుంచి అయ్యన వచ్చాడు. జట్టులో పెద్దవాడు. అతను మాటేమీ అనకుండా కొమ్మన వేళ్లను ఒక్కొక్కటిగా సింగన గొంతు మీద నుంచి ఊడదీశాడు. ఇంకొకడు వచ్చి గడియ తీశాడు.

సింగన వైద్యుడి ఇంటిదాకా ఆగకుండా పరుగెత్తాడు. వైద్యుడు చిట్టన చేత కక్కించాడు, కాళ్లూ చేతులూ రుద్దించాడు, వేడి కాపడం పెట్టించాడు. చివరికి చిట్టన కళ్లు తెరిచాడు. కాని అతని కుడికాలు చచ్చుబడింది. చాలాసేపు ఊపిరి సరిగా అందకపోవడం వల్ల ఇలా జరిగిందని, ఇక అతను పరుగెత్తలేడని వైద్యుడు చెప్పాడు.

పొద్దున్నే బేతన సింగన ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, పిల్ల తల నిమిరి, మెల్లగా అన్నాడు.

"రాజుగారు పిలిపిస్తున్నారు. చిట్టనకు విషజ్వరం వచ్చింది. నేను అదే చెబుతాను, అయ్యన కూడా అదే చెబుతాడు. నీ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ నడికట్టు వల్ల. ఆ సంగతి మరిచిపోకు."



కొలువులో వైద్యుడు ఉన్నాడు, తలారి ఉన్నాడు. రాజు ముఖం గంభీరంగా ఉంది.

"ఆ కుర్రవాడికి ఏమైంది?" అని అడిగాడు రాజు.

"విషజ్వరం ప్రభూ," అన్నాడు బేతన.

రాజు అయ్యన వైపు చూశాడు. అయ్యన పెదవులు తడుపుకున్నాడు. రాత్రి కొమ్మన వేళ్లు ఊడదీసిన మనిషి, పగటి వెలుగులో బేతన చూపుకు లొంగిపోయాడు. "జ్వరమే ప్రభూ," అన్నాడు.

"జ్వరం వచ్చినవాడి ఒళ్లు సారా కంపు కొట్టదు," అన్నాడు వైద్యుడు.

రాజు మూడోవాడి వైపు తిరిగాడు. "సింగనా, నువ్వు చెప్పు."

సింగన నోరు తెరిచాడు. గొంతు మీద కమిలిన వేలి గుర్తులు నొప్పిపెట్టాయి. పక్కన బేతన చూపు సూదిలా గుచ్చుతోంది. ఎదురుగా కత్తులు పట్టుకున్న భటులు నిలబడ్డారు.

"జ్వరం కాదు ప్రభూ," అన్నాడు. "మేము బలవంతాన తాగించాం. కొమ్మన పోశాడు. ఎడమచెయ్యి పట్టుకున్నది నేను. కుండలు పగలగొట్టింది ఆంబోతు కాదు. ఓబయ్య జారిపడలేదు. అప్పుడు కూడా నేను అబద్ధానికి తల ఊపాను."

కొలువంతా కదిలింది. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

"నా జట్టులో ఇంత జరిగిందా? ఆ సారా మీకు ఎక్కడిది?"

ఇప్పుడు సింగనకు నిజంగా భయం వేసింది. ఇంతవరకు చెప్పినదానికి నడికట్టు పోతుంది. ఇక చెప్పబోయేదానికి తల పోవచ్చు. రాజు పక్కనున్న మంత్రి కళ్లతోనే వద్దని సైగ చేశాడు.

"తమరు పంపిందే ప్రభూ," అన్నాడు సింగన. "గెలిచినప్పుడల్లా తమరు కడవలు పంపారు. ఓబయ్య చెయ్యి విరిగిన తర్వాత కూడా పంపారు."

వింజామర వీచే చెయ్యి ఆగిపోయింది. ఎవరూ తలెత్తలేదు. రాజు సింహాసనం మీద నుంచి లేచి, మెట్లు దిగి, సింగన ముందుకు వచ్చి నిలబడ్డాడు. సింగన కళ్లు మూసుకున్నాడు. కూతురు గుర్తుకొచ్చింది.

ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి రాజు తల వంచుకుని ఉన్నాడు.

"ఆ చెయ్యి ఎలా విరిగిందో నేను అడగలేదు," అన్నాడు రాజు. "జట్టు గెలుస్తోంది కదా అని అడగలేదు."

ఆ రోజే తీర్పు చెప్పాడు. బేతన నాయకత్వం పోయింది. కొమ్మన నడికట్టు విప్పించి, ఓబయ్య పడవకు తెడ్డు వెయ్యమన్నాడు. సారా ముట్టకుండా మూడేళ్లు గడిపితే అప్పుడు ఆట మాట ఆలోచిద్దామన్నాడు. తల పట్టుకున్నవాడికీ, కుడిచెయ్యి పట్టుకున్నవాడికీ, సింగనకూ ఒక ఏడు ఆట లేదన్నాడు. సింగన అందుకు అడ్డు చెప్పలేదు. ఖజానా నుంచి చిట్టన ఇంటికి జీవితాంతం భృతి ఏర్పాటైంది. విడిదికి ఇక కడవలు పోలేదు.

శంఖవరంతో పోటీలో పులిజట్టు చిత్తుగా ఓడింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఓడింది. ఊళ్లో కొందరు సింగనను చూసి ముఖం తిప్పుకున్నారు. వీడి నోటివల్లే మన జట్టు మట్టిగొట్టుకుపోయిందన్నారు. కొమ్మన మొదటి నెలలు రేవు దగ్గర వణుకుతూ, ఏడుస్తూ గడిపాడు. విరిగిన చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకుని, ఓబయ్యే అతనికి గంజి పోశాడు.

వానలు తగ్గాక సింగన కొండపల్లెకు వెళ్లాడు. చిట్టన కర్ర ఊతంతో గుడిసె ముందు నిలబడి ఉన్నాడు. సింగన అతని కాళ్ల మీద పడబోయాడు. చిట్టన వద్దని వారించాడు.

"నన్ను క్షమిస్తావా తమ్ముడూ?" అన్నాడు సింగన.

చిట్టన కొండ వైపు చూశాడు. "నన్ను మోసుకెళ్లింది నువ్వే. అందుకే నిన్ను గుమ్మం ముందు నిలబడనిచ్చాను. నా చెయ్యి పట్టుకున్నది కూడా నువ్వే. అందుకే లోపలికి రమ్మని అనలేకపోతున్నాను అన్నా. కుండలు పగిలినప్పుడే నువ్వు నోరు విప్పి ఉంటే, నేను ఈపాటికి ఆ కొండ దిగువన పరుగెత్తుతూ ఉండేవాణ్ణి."

సింగన తల వంచుకుని కొండ దిగి వచ్చాడు.

కనుక పిల్లలూ, తోటివాడి తప్పు చిన్నగా ఉన్నప్పుడే భయపడుతూనైనా నిజం చెప్పండి, ఎందుకంటే ఆలస్యంగా చెప్పిన నిజం ప్రాణాన్ని నిలపగలదేమో కాని పోయిన కాలిని తిరిగి ఇవ్వలేదు.